మిద్దెకు పెళ్ళిచూపులు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దవాళ్ళు. వాళ్ళ కాలానికి ఇళ్ళన్నీ కొత్తవి కాబట్టి అక్కడితో ఆగారు. పాత ఇంటిని చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పే ఇంజనీరును వెతికి చూడు అని మూడో మాట నేను కలుపుతున్నాను. చెన్నై పురసవాక్కంలో మా అత్తగారి మిద్దె కింద కాపురం చేస్తున్నదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది.

సంగతి ఒక పెచ్చుతో మొదలైంది. ఆగస్టులో ఒకరోజు మా పడకగది కప్పు నుంచి అరచేతి వెడల్పు సున్నపు పెచ్చు ఊడి మా అమ్మాయి నీహారిక దిండు మీద పడింది. నీహారిక అప్పుడు బడిలో ఉంది. సాయంత్రం వచ్చి, దిండు దులుపుకుని, దాని మీదే పడుకుని ఫోన్ చూసుకుంది. ఆరో తరగతి పిల్లకు అంతకన్నా బుద్ధి ఉండాలని నేనూ అనను. నేను చీరల దుకాణం నుంచి వచ్చేసరికి నేల మీద సున్నం పొడి, పైన పెచ్చు పోయిన చోట ఎర్రటి ఇటుక కనిపించాయి. దూలం గోడలోకి దిగే చోటు నుంచి కిందికి ఒక బీట పాకి ఉంది. అది అంతకుముందు ఉందో లేదో నాకు గుర్తు రాలేదు. మంచం మీద కూర్చుండిపోయాను. చాలా భయం వేసింది.

మాది పాతకాలపు మద్రాసు మిద్దె. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా వాసాలు, వాటి మీద నిలువుగా పేర్చిన చిన్న ఇటుకలు, సున్నం. కిటికీ ఊచల్లో తప్ప ఇనుము ఎక్కడా లేదు. ఉండేది అయిదుగురం. నేను, మా వారు విజయకుమార్, నీహారిక, మా అత్తయ్య వసంతలక్ష్మి, చనిపోయిన మా మామగారి అన్న కుప్పుసామి. కుప్పుసామి పెదమామ పెళ్ళి చేసుకోలేదు. ఆ ఇంటినే చేసుకున్నాడు. మా వారు అంబత్తూరులో ఒక కంపెనీలో పని చేస్తారు. ఏది చెప్పినా "చూద్దాం" అంటారు. ఒంగోలు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో అది ఒప్పుకోవడం అనుకునేదాన్ని.

ఆ ఆదివారం ఆడపడుచు వినోదిని, ఆమె భర్త కళ్యాణ్ వచ్చారు. కళ్యాణ్‌ది గుంటూరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పన్నెండో అంతస్తులో ఫ్లాటు. ఈ ఇల్లు పడగొట్టి బిల్డరుకిస్తే అందరికీ తలా ఒక ఫ్లాటు వస్తుందని ఆయన చాలాకాలంగా చెబుతున్నాడు. పెచ్చు ఊడిన చోటు చూసి, పరీక్ష పాసైన కుర్రాడిలా కళకళలాడాడు.

"నేను చెబుతూనే ఉన్నాను కదా బావా. ప్రాక్టికల్‌గా ఆలోచించండి. దీని టైమ్ అయిపోయింది."

"ఎవురికి టైమ్ అయిపోయింది?" అన్నాడు పెదమామ. "ఎన్ని తుపానులు చూసినాది ఈ ఇల్లు. అచ్చం ఉక్కు దా. సున్నం అన్నాక రాలతాది. తలకాయ మీద వెంట్రుకలు రాలడంలే? తలకాయ పోతాదా?"

అత్తయ్య తలుపు దగ్గర నిలబడి బీట వైపు చూస్తోంది. ఆమె పెళ్ళయి వచ్చింది ఆ గదిలోకే, మా వారు పుట్టిందీ ఆ గదిలోనే. ఇల్లు పడగొట్టే మాట ఎత్తినప్పుడల్లా ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆ రోజు మాత్రం వెళ్ళలేదు.

నాకు ఫ్లాటూ అక్కర్లేదు, ఉక్కూ అక్కర్లేదు. నా కూతురు పడుకునే కప్పు పడుతుందా పడదా, అదొక్కటే తెలియాలి. "ఇంజనీరును పిలిపిద్దాం," అన్నాను. అందరూ ఒక్కసారిగా ఒప్పుకున్నారు. ఆ ఇంట్లో అందరూ ఒక్కసారిగా దేనికీ ఒప్పుకోరు కాబట్టి నాకు అప్పుడే అనుమానం వచ్చి ఉండాల్సింది. కళ్యాణ్‌కూ పెదమామకూ జవాబు ముందే తెలుసు. దాని కింద సంతకం పెట్టేవాడు కావాలంతే.

మా ఇంట్లో ఎవరిని ఎంచుకోవాలన్నా పెళ్ళి సంబంధం ఎంచుకున్నట్టే. పళ్ళ డాక్టరైనా, గ్యాస్ పొయ్యి బాగుచేసేవాడైనా, ముందు ఊరేది, ఎవరి తాలూకు, ఎవరు చెప్పారు అని అడుగుతారు. పని వచ్చా అని అడగడం అమర్యాద.

కళ్యాణ్ తెచ్చిన సంబంధం పేరు కృష్ణన్. అంబత్తూరు ఎస్టేట్‌లో ఫ్యాక్టరీ షెడ్లకు సర్టిఫికెట్లు ఇస్తాడట. మంచి బూట్లు, మంచి పెట్టె. పెట్టెలోంచి స్ప్రింగు సుత్తిలాంటిది తీసి గోడకు ఆనించి టక్కుమనిపించాడు. సున్నం జలజలా రాలింది. ఇంకో యంత్రం తీసి కప్పు కింద అటూ ఇటూ తిప్పాడు. అది కుయ్యిమనలేదు.

"స్టీలే లేదు మేడమ్," అన్నాడు.

"ఇలాంటి ఇళ్ళలో ఉండదు కదండీ."

"స్టీల్ లేకుండా ఇన్నేళ్ళు ఎలా నిలబడిందో అర్థం కావడం లేదు."

"నిలబడింది కదండీ."

"అదే ప్రాబ్లం."

నేను చీరల దుకాణంలో పట్టు చీరల అంతస్తుకు సూపర్‌వైజర్ని. మడత విప్పకుండా చీర కొనేవాళ్ళను చూశాను, మడత విప్పకుండా అమ్మేవాళ్ళనూ చూశాను. కృష్ణన్ రెండో రకం అనిపించింది. "ఇలాంటి సున్నపు కట్టడాలు ఇదివరకు చూశారా?" అని అడిగాను. కాలేజీలో సున్నం మీద ఒక చాప్టర్ ఉండేదనీ, దాన్ని చాయిస్‌లో వదిలేశామనీ నిజాయితీగానే చెప్పాడు. వెళ్ళేముందు మాత్రం ఈ ఇల్లు ఎప్పుడైనా కూలవచ్చని రాసి ముద్ర కొట్టి ఇచ్చాడు. కళ్యాణ్ ఆయనను బైక్ దాకా సాగనంపాడు.

పెదమామ తెచ్చిన సంబంధం నాగప్పన్. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు. నాగప్పన్ రిటైరై చాలాకాలమైంది కానీ ముద్ర మాత్రం రిటైర్ కాలేదు, సంచిలోనే ఉంది. ఊయల బల్ల మీద కూర్చుని, కాఫీ తాగి, దూలాలకు దండం పెట్టాడు.

"మిద్దె మీదికి వెళ్ళి చూడరా?" అన్నాను.

"మోకాళ్ళు అమ్మణ్ణీ. మెట్లు ఎక్కేదానికి కాదు."

"మరి కప్పు సంగతి ఎలా తెలుస్తుంది?"

"కింద నించి చూస్తే పైది తెలిసిపోతాది. అనుభవం."

ఇంకో నూరేళ్ళకు ఢోకా లేదని రాసిచ్చాడు. పెదమామ ఆ కాగితాన్ని చేత్తో సవరించి సవరించి చదువుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళు మా ఇంట్లో ఇద్దరున్నారు, ఇద్దరి చేతుల్లోనూ ఇప్పుడు ముద్రలున్న కాగితాలున్నాయి. ఆ కాగితాల కింద నా కూతురు పడుకుని నిద్రపోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా దుకాణంలో బిల్లింగులో ఆరోగ్యమేరి అని ఉంది. వాళ్ళ పేటలో గుడి, అంటే చర్చి, మా ఇంటిలాగే మిద్దె. రెండేళ్ళ కిందట దాని దూలాలు చూసి బాగుచేయించిన ఇంజనీరమ్మ ఒకామె ఉందని చెప్పింది. "ఆమె పేరు నివేదిత. ఏది అడిగినా ముందు మనల్నే అడగతాది అక్కా. మా ఫాదరుకే విసుగొచ్చినాది," అంది. ఆ మాటతో నాకు నమ్మకం కుదిరింది.

ఫోన్ చేశాను. నేను ఒక్కటడిగితే ఆమె పది అడిగింది. గోడలకు లోపల సిమెంటు పూత పూశారా? ఎప్పుడు? మిద్దె మీద వాన నీళ్ళు పోయే తూములు పారుతున్నాయా, మూసుకుపోయాయా? బీట వానాకాలంలో పెరుగుతుందా, ఎండాకాలంలోనా? ఒక్కదానికీ నాకు జవాబు తెలియదు. నా వంతుగా, ఇలాంటి ఇళ్ళు ఎక్కడెక్కడ చూశారు, వాళ్ళతో మాట్లాడవచ్చా అని అడిగాను. నొచ్చుకోకుండా ఇద్దరి నంబర్లిచ్చింది. ఫోన్ చేస్తే ఆ ఇద్దరూ ఆమెను మెచ్చుకున్నారు, అందులో ఒకరు ఆమె తన ఇంటికి అక్కర్లేని పని ఏదో ఆపించిందని చెప్పారు. పని ఆపించే మనిషి దొరకడం ఈ ఊళ్ళో మాటలు కాదు.

"వచ్చే ఆదివారం వస్తాను. నేను వచ్చేలోపల ఏమీ చేయకండి. ఎట్లా ఉందో అట్లానే ఉండనీండి," అంది నివేదిత. ఆ మాటను ఇంట్లో అందరికీ చెప్పాను. అందరూ తలలూపారు.

శనివారం దుకాణం నుంచి వచ్చేసరికి వీధి మొగలోనే పెయింటు వాసన. మా పడకగది గోడలు చందమామలా ఉన్నాయి. బీట లేదు. పుట్టీ పెట్టి, నున్నగా రుద్ది, రెండు పూతలు పూసేశారు. పెచ్చు ఊడిన చోట తెల్లగా అతుకు పడింది. గుమ్మానికి మామిడాకులు. కుప్పుసామి పెదమామ బ్రష్షు కడుగుతున్నాడు. అత్తయ్య నేల తుడుస్తోంది.

"ఏమిటత్తయ్యా ఇది? ఆమె ఏమీ చేయొద్దంది కదా."

"చూసేదానికి వస్తా ఉండారంటే ఇట్లనే పెట్టేదా? చూపులకు పిల్లను చిరుగు చీరతో కూర్చోబెడతారా ఎవురైనా?" అంది అత్తయ్య. తప్పు చేశానన్న ఆలోచనే ఆమె మొహంలో లేదు. పైన పటారం, లోన లొటారం అని నేను ఏదో అనబోయాను. మా వారు "చూద్దాం" అన్నారు.

ఆదివారం నివేదిత వచ్చింది. నలభై లోపు మనిషి, కాన్వాసు సంచి, టార్చి. అరుగు మీద కూర్చోబెట్టి కేసరి, బజ్జీలు పెట్టారు. పెదమామ సొంత ఊరు అడిగాడు. "ఎన్నూరండీ. నాయన ఆడ కరెంటు ప్లాంటులో పని చేసినారు," అంది. ఎన్నూరులో పెదమామకు తెలిసినవాళ్ళు ఎవరో ఉన్నారు. ఆమెకూ వాళ్ళు తెలుసు. అంతటితో సంబంధం సగం ఖాయమైంది.

తర్వాత లోపలికి వచ్చి గోడ ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"పెయింటు ఎప్పుడేసినారు?"

"నిన్ననే," అన్నాడు పెదమామ. "నీ కోసమే అమ్మా."

ఆమె సంచిలోంచి చిన్న ఉలి తీసి, బీట ఎక్కడుండేదో నన్నడిగి, పుట్టీని జాగ్రత్తగా గీకేసింది. మిద్దె మీదికి వెళ్ళి వచ్చింది. వెనక తూము ఆకులతో, బంతితో మూసుకుపోయిందని చెప్పింది. బంతి మా వారి చిన్ననాటిదట. గోడకు లోపలివైపు సిమెంటు పూసి ఉందనీ, సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేదనీ చెప్పింది. ఆ సిమెంటు పూయించింది మా మామగారు, గోడకు బలమని.

"ఇంతకీ పడుతుందా?" అన్నాడు కళ్యాణ్.

"ఇప్పుడే చెప్పలేను. దూలం కొస గోడలో ఉండాది. దాని చుట్టూ సిమెంటు, ఇప్పుడు పుట్టీ. ఈ బీట పాతది, కదలకుండా ఉండేదయితే భయం లేదు. కదిలేదయితే గోడ తెరిచి చూడాల. ఒక వానాకాలం చూద్దాం."

మా వారు ఆమెను ఆప్యాయంగా చూశారు.

సంచిలోంచి వేలెడు వెడల్పున్న పల్చటి గాజు పలక తీసింది. దాన్ని బీటకు అడ్డంగా పెట్టి రెండు కొసలూ గోడకు అతికించింది. గోడ వెంట్రుక వాసి కదిలినా ఈ గాజు పగులుతుందని చెప్పింది. మంచాలు అవతలి గోడ పక్కకు జరిపించింది. "పగిలితే అదే రోజు నాకు ఫోన్ చేయండి. ఆ రాత్రి నుంచి ఈ గదిలో ఎవరూ పడుకోవద్దు," అని మా అందరి మొహాలూ వరసగా చూసి చెప్పింది. అందరూ తలలూపారు. మా ఇంట్లో తలలు ఊపడానికి ఎవరికీ బద్ధకం లేదు.

అప్పటి నుంచి ఆ గాజు పలక మా ఇంట్లో ఆరో మనిషి అయింది. అత్తయ్య మర్నాడే దానికి ఒక మూలన పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఇల్లు కాపాడేదానికి బొట్టు లేకుండా ఎట్లా అంది. పెదమామ సాయంత్రం కాఫీ తాగాక టార్చి పట్టుకుని మా గదిలోకి వచ్చి, గాజును చూసి, "పగల్లే" అని ప్రకటించి వెళ్ళేవాడు. ఆ పని ఆయనది అయిపోయాక మేం చూడటం మానేశాం. పొద్దున పూట నేను గోడలు చూడను, గడియారం చూస్తాను. కళ్యాణ్ వారం వారం ఫోన్ చేసి "ఏమైనా కబురుందా బావా?" అని అడిగేవాడు, పురిటి ఇంటికి ఫోన్ చేసినట్టు.

అక్టోబరు నడుమ తమిళుల ఐప్పసి నెల వచ్చింది. చెన్నైలో వాన కురవదు, కుమ్మరిస్తుంది. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు దుకాణం నుంచి వచ్చేసరికి నీహారిక పరుపు, దిండు, చార్జరు అత్తయ్య గదిలోకి వెళ్ళిపోయాయి.

"ఉరుములకు భయంగా ఉండాది. పిల్ల నా కాడ పడుకుంటాది," అంది అత్తయ్య.

ఉరుములకు అత్తయ్య భయపడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఆమెను చూసి ఉరుములే జంకాలి. వాన వెలిశాక కూడా పిల్ల తిరిగి రాలేదు. ఇద్దరూ కలిసి తమిళ సీరియల్ చూస్తున్నారు, తలుపు మూసుకుని ఏదో నవ్వుకుంటున్నారు. ఒకరోజు గట్టిగానే అన్నాను, పిల్లను గారాబం చేసి పాడు చేస్తున్నారు, నా కూతుర్ని నా దగ్గర పడుకోనివ్వండి అని. అత్తయ్య బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, తల ఎత్తలేదు. "వానలు పోనీ," అంది. నీహారికను పిలిస్తే "పోమ్మా, నేను అవ్వ దగ్గరే" అంది. నాకు కష్టంగా అనిపించింది. నా పిల్లను నా నుంచి లాక్కుంటోందని నిజంగానే అనుకున్నాను, ఆ మాట మా వారితో కూడా అన్నాను. ఆయన ఏమన్నారో చెప్పక్కర్లేదు.

వానలు వెలిశాయి. వీధుల్లో మార్గళి ముగ్గులు, అంటే మన ధనుర్మాసం ముగ్గులు, పడ్డాయి. నివేదిత మళ్ళీ వచ్చింది. ఆ రోజు కళ్యాణ్ కూడా వచ్చాడు. పెదమామ ఉతికిన పంచె కట్టుకున్నాడు. అందరం గదిలోకి వెళ్ళాం. గాజు పలక చెక్కుచెదరకుండా ఉంది. మూలన బొట్టు కొత్తగా మెరుస్తోంది.

"చూసినావా? ఇన్ని వానలు, పగల్లే," అన్నాడు పెదమామ. కళ్యాణ్ మొహం వాడిపోయింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఊపిరి నిండా పీల్చుకున్నాను.

నివేదిత టార్చి వేసి దగ్గరగా చూసింది. చేతి రుమాలు తీసి బొట్టును మెల్లగా తుడిచింది.

"ఈ గాజు ఎవరు పెట్టినారు?"

"నువ్వే గదమ్మా," అన్నాడు పెదమామ.

"నేను పెట్టినదాని మూలన తేదీ గీసినాను. దీని మీద లేదు. ఇది మందంగా ఉండాది. ఫోటోలకు వేసే గాజు. అతికించింది పుట్టీతో."

అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. పెద్దాయనే మార్చేశాడని కళ్యాణ్ అన్నాడు. నువ్వే ఏదో చేసి ఉంటావని పెదమామ అన్నాడు. పగలకూడదని కళ్యాణ్ ఎందుకు కోరుకుంటాడో ఆలోచించే ఓపిక ఆయనకు లేదు. మా వారు చూద్దాం అన్నారు, ఎవరూ వినలేదు. ఈలోగా అత్తయ్య కాఫీ పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చింది.

"నేనే పెట్టినా," అంది. "ముందు కాఫీ తీసుకోండి, ఆరిపోతాది."

"మీరా? ఎందుకమ్మా?" అంది నివేదిత.

"పగిలిన అద్దం ఇంట్లో పెట్టుకుంటారా ఎవురైనా? అందులో శుక్రవారం. ఫోటో ఫ్రేములాయన కాడ ముక్కలు కోయించుకొచ్చినా. పుట్టీ ఎట్లనూ మిగిలుండాది గదా."

"ఎన్నిసార్లు మార్చినారు?"

అత్తయ్య కొంచెం ఆలోచించింది. "వాన పడినప్పుడంతా," అంది.

నివేదిత కాఫీ గ్లాసు కిటికీలో పెట్టేసింది. తల ఎత్తి దూలం వైపు చూసి, మమ్మల్ని అందరినీ గుమ్మం బయటికి జరగమంది. ఒంగోలులో మా అమ్మ నేర్పిన మర్యాద అంతా ఆ క్షణంలో పోయింది.

"మీకేమైనా మతి ఉందా అత్తయ్యా? ఆ గదిలో నీహారిక పడుకుంటుంది."

అత్తయ్య నావైపు చూసింది. కోపంగా చూడలేదు.

"యాడ పడుకుంటా ఉండాది?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. మొదటి వాన మర్నాడు. పరుపు, దిండు, చార్జరు. ఉరుములు.

"చెప్తే ఇల్లు పడగొడతారు," అంది అత్తయ్య. "చెప్పకపోతే బిడ్డ మీద పడతాది. నేనేం జేసేది? ఎవురినీ అడిగేదానికి లేదు. బిడ్డను నా పక్కన పడుకోబెట్టుకున్నా."

నాకు ఏడుపు వచ్చింది. అన్ని రోజులు ఆమె మీద పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంతలో మా వారు, ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, మెల్లగా అడిగారు.

"అమ్మా, మరి మేము?"

"మీరు పెద్దోళ్ళు గదా అబ్బయ్యా," అంది అత్తయ్య. "మీకు ఇంజనీరమ్మ ఉండాది."

నివేదిత ఆ మధ్యాహ్నమే మేస్త్రీని పిలిపించి, దూలానికి కింద ఇనుప గడలు నిలబెట్టించి, గోడలోకి దిగే చోట సిమెంటు కొట్టించింది. దూలం కొసన స్క్రూడ్రైవరు గుచ్చితే మగ్గిన అరటిపండులోకి దిగినట్టు దిగింది. మూర దూరం జరిగి గుచ్చితే అంగుళంలో పదో వంతు కూడా దిగలేదు. తక్కిన దూలాలన్నీ అలాగే గుచ్చి చూసింది. అన్నీ గట్టివే. మూసుకుపోయిన తూము నీళ్ళు గోడలోకి దిగి, సిమెంటు వెనక నిలిచి, ఆ ఒక్క కొసను తినేశాయట. ఇంకో రెండు వానాకాలాలు గడిస్తే మొత్తం దిగేదట.

"ఇల్లు పడదు," అంది. "ఈ ఒక్క దూలం పడతాది. కుళ్ళిన కొస కోసేసి కొత్త టేకు అతకాల. లోపలి సిమెంటంతా తీసేసి సున్నం పూయించండి. తూము బాగుచేయించండి. అంతే."

అంతే అనేసరికి ఇద్దరు మగవాళ్ళకూ నచ్చలేదు. పెదమామ ఉక్కులో లోపం దొరికింది, కళ్యాణ్ చచ్చిందన్న ఇల్లు లేచి కూర్చుంది. అత్తయ్య మాత్రం నివేదిత చెయ్యి పట్టుకుంది.

"పడగొట్టొద్దా?"

"వద్దమ్మా. ఎవరు చెప్పినారు పడగొట్టమని? అద్దం పగిలితే ఇల్లు పోయిందని కాదు. యాడ చూడాలో తెలిసిందని అర్థం."

అత్తయ్య అరుగు మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వానలన్నిటికీ కలిపి ఒకేసారి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఏమనాలో తెలియక, ఆమె చల్లారిపోయిన కాఫీ వేడి చేసి తెచ్చాను. చాలాకాలంగా ఆమెతో మాట్లాడటానికి ఇదే నాకు తెలిసిన పద్ధతి.

పని పూర్తయింది. నివేదిత రాసిచ్చిన సర్టిఫికెట్‌ను పెదమామ ఫ్రేము కట్టించి, నాగప్పన్ కాగితం పక్కన తగిలించాడు. ఏది నిజమైనదని అడిగితే రెండూ అన్నాడు. కొత్త సున్నం మీద నివేదిత ఇంకో గాజు పలక పెట్టి, మూలన తేదీ గీసి, అత్తయ్యను పిలిచి చూపించింది.

"ఇది పగిలితే తీసేయకండి."

"పగిలిన అద్దం ఇంట్లో ఉండకూడదమ్మా."

"సరే, తీసేయండి. నాకు ఫోన్ చేసి, అప్పుడు తీసేయండి."

అత్తయ్య ఒప్పుకుంది. బొట్టు మాత్రం ఈసారి తేదీ మీద పడకుండా మధ్యలో పెట్టింది.

మళ్ళీ ఐప్పసి వచ్చింది. నీహారిక ఇంకా అవ్వ దగ్గరే పడుకుంటోంది. నేనిక అడగలేదు. మొదటి పెద్ద వాన పడిన రోజు దుకాణం తొందరగా మూసేశారు. తడిసి ఇంటికి వచ్చేసరికి మా మంచం మీద దుప్పట్లు లేవు, దిండ్లు లేవు. అత్తయ్య గదిలో నీహారిక పరుపుకు ఇటుపక్క ఇంకో రెండు పరుపులు వేసి ఉన్నాయి. నా దిండు, మా వారి దిండు.

తడి కాళ్ళతోనే మా గదిలోకి పరుగెత్తాను. టార్చి వేశాను. గాజు పలక అలాగే ఉంది. తేదీ ఉంది, బొట్టు ఉంది.

"పగల్లేదు కదా అత్తయ్యా," అన్నాను తిరిగి వచ్చి.

"పగల్లే," అంది ఆమె దుప్పటి పరుస్తూ. "వాన పడతా ఉండాది గదా. రా, తల తుడుచుకో."